నీళ్ళడగని మొక్క

రోజూ ఉదయం తొమ్మిదింపావుకి బేబి గోడ మేకు మీంచి తాళంచెవి తీసేది. ఆడవాళ్ళ బాత్రూము తెరిచి, ఫినాయిలు పోసి, గచ్చు తోమి, అద్దం తుడిచి, అరిగిన సబ్బు తీసి కొత్తది పెట్టి, మళ్ళీ తాళం వేసి, తాళంచెవిని ఆ మేకుకే తగిలించేది. తొమ్మిదేళ్ళు అదే పని. ఆ తొమ్మిదేళ్ళలో ఒక్కనాడు కూడా ఆ బాత్రూమును తను వాడుకోలేదు.

వాడుకోకూడదని ఎక్కడా రాసి లేదు. పనిలో చేరిన రోజున సీనియర్ అసిస్టెంటు రాజరాజేశ్వరిగారు చాలా మర్యాదగానే చెప్పారు.

"ఇది స్టాఫుకి బేబీ. నువ్వు కింద ఎక్కడో అక్కడ చూసుకో, ఏం?"

"ఆయ్. అలాగేనండి" అంది బేబి.

కింద అంటే కాంప్లెక్సు వెనకాల కాలవగట్టు, గట్టు మీద తుప్పలు. మూడేళ్ళు ఆ తుప్పలతోనే గడిచింది. తర్వాత తుప్పలు కొట్టేసి ప్రహరీ కట్టారు. ప్రహరీ మీద కెమెరా పెట్టారు. బస్టాండు దాకా వెళ్ళి వద్దామంటే, మెట్లు దిగీ దిగకముందే ఫోను మోగేది, "బేబీ, ఎక్కడున్నావ్? టీలు చల్లారిపోతున్నాయ్" అని. ఇక మిగిలింది ఒకటే దారి. బేబి నీళ్ళు తాగడం మానేసింది.

అది అమలాపురంలో, మూడో అంతస్తులో ఉన్న ఒక ఆఫీసు. పేరు ఇక్కడ అనవసరం. పేరు చెబితే, మనది కాదులే అని తక్కిన ఆఫీసులవాళ్ళందరూ ఊపిరి పీల్చుకుంటారు.

బేబికి యాభయ్యేళ్ళు. పుట్టినప్పుడు ఆసుపత్రిలో నర్సు పిలిచిన పిలుపే పేరైపోయింది. ఊరు అంబాజీపేట దగ్గర ఒక పేట. పెనిమిటి వీర్రాజు గునపం మీద కొబ్బరికాయలు వలుస్తాడు. ఏడున్నరకి అరగ్లాసు టీ తాగి షేరాటో ఎక్కిన మనిషి, మళ్ళీ ఆరున్నరకి ఇల్లు చేరేదాకా నోట్లో చుక్క వేసేది కాదు. దాహం వేస్తుందని పచ్చడి తెచ్చుకునేది కాదు. నాలుక పిడచకట్టుకుపోతే ఎండు ఉసిరిముక్క ఒకటి బుగ్గన పెట్టుకునేది. ఆఫీసులో ఇరవై లీటర్ల వాటర్ టిన్నును భుజానికెత్తి స్టాండు మీద బోర్లించేది మాత్రం తనే. సాయంత్రం ఇంటికి రాగానే చెంబు తీసుకుని బిందె దగ్గర కూర్చునేది.

"ఏటే, మీ ఆపీసులో నీళ్ళు రేషనా?" అని వీర్రాజు నవ్వేవాడు. "ఆ బిందె నాక్కూడా కొంచెం ఉంచు."

తనూ నవ్వేది. అసలు సంగతి మొగుడికి చెప్పలేదు. చెబితే గొడవకి వస్తాడు, వస్తే పని పోతుంది.

పోయిన ఏడాది కార్తీకమాసంలో ఆఫీసుకి మొక్కలు వచ్చాయి. పైఆఫీసు వాళ్ళు చూడ్డానికి వస్తారని మేనేజరు రామ్‌ప్రసాద్‌గారు కడియం నర్సరీ నుంచి నాలుగు కుండీలు తెప్పించారు. మందపాటి ఆకులు, నూనె రాసినట్టు నిగనిగలాడుతున్నాయి. కాడలు బొద్దుగా, కిందికి వచ్చేకొద్దీ మరింత లావుగా ఉన్నాయి. ముట్టుకుంటే లోపలంతా నీరేమో అనిపిస్తుంది.

"జీజీ మొక్కంటండి దీని పేరు" అన్నాడు నర్సరీ మనిషి. "ఎండక్కర్లేదండి. నీళ్ళు నెల్లాళ్ళు పొయ్యకపోయినా పర్వాలేదండి."

బేబి చీపురు గోడకి ఆనించి దగ్గరికొచ్చింది. ఆకు వెనక వేలితో నిమిరి, "ఓలమ్మా, నువ్వా!" అంది.

ఆ మొక్క తనకి కొత్త కాదు. కువైట్‌లో పనిచేసిన ఆరేళ్ళూ దాన్ని సాకింది. అక్కడి మేడం ఇంట్లో మెట్ల పక్కన ఇలాంటివే పదకొండు కుండీలు ఉండేవి. ఆ మేడం మంచి మనిషేం కాదు. మొదటి రోజే పాస్‌పోర్టు తీసి బీరువాలో పెట్టి తాళం వేసింది. అన్నం మాడితే గిన్నె విసిరింది. కానీ మొక్కల్ని ఎలా చూసుకోవాలో ఓపిగ్గా నేర్పింది. మట్టిలోకి వేలు రెండు కణుపుల దాకా దించి చూడాలి. తడి తగిలితే చెంబు ముట్టుకోకూడదు. పొడిగా తగిలితేనే పొయ్యాలి, అదీ పోసిన నీళ్ళు అడుగునుంచి కారిపోయేట్టు. ఆకుల మీద దుమ్ము పడితే తడిగుడ్డతో కింద చెయ్యి పట్టి తుడవాలి. తుంచినప్పుడు కారే రసం కంటికి తగలకూడదు. మట్టి అడుగున దీనికి బంగాళాదుంపల్లాంటి దుంపలుంటాయి. నీళ్ళు వాటిలో దాచుకుంటుంది. పైనుంచి పోస్తూనే ఉంటే ఆ దుంపలే కుళ్ళిపోతాయి.

ఇంకొక సంగతి. ఆ మేడం పాస్‌పోర్టు దాచింది గానీ, వంటింటి వెనక పనిమనిషికని కట్టిన చిన్న బాత్రూముకి మాత్రం ఏనాడూ తాళం వెయ్యలేదు.

"నీకు తెలుసా దీని సంగతి? అయితే నువ్వే చూసుకో" అన్నారు మేనేజరుగారు. తర్వాత స్టాఫు వైపు తిరిగి సరదాగా, "అచ్చం మన బేబిలాంటిదండీ ఈ మొక్క. ఎండడగదు, నీళ్ళడగదు, సెలవడగదు!" అన్నారు. అందరూ నవ్వారు. బేబి కూడా పమిట అడ్డం పెట్టుకుని నవ్వింది.

మొదటి పదిహేను రోజులూ మొక్కలు బాగానే ఉన్నాయి. వేలితో చూస్తే గోట్లోకి మట్టి పోతోందని, బేబి ఇంటి నుంచి నాలుగు కొబ్బరి ఈనెలు తెచ్చి కుండీకొకటి గుచ్చింది. ఉదయం రాగానే ఈనె పైకి లాగి చూసేది. మట్టి అంటుకుని వస్తే తడి ఉన్నట్టు.

మూడోవారం నుంచి ఈనెలు రోజూ బురదతో రావడం మొదలెట్టాయి. తను పొయ్యలేదు. మరి ఎవరు? ఒక సాయంత్రం తుడుస్తూ తుడుస్తూ గమనించింది.

అయిదు కాగానే అకౌంట్సు చూసే అచ్యుతరామయ్యగారు తన రాగిగ్లాసులో మిగిలిన నీళ్ళు భక్తిగా మొదటి కుండీలో వంచారు. సుస్మిత అనే కుర్ర క్లర్కు సీసా అడుగున ఉన్నవి రెండోదాంట్లో గుమ్మరించింది. రాజరాజేశ్వరిగారు టిఫిను డబ్బా కడిగిన నీళ్ళు మూడోదానికిచ్చారు. మేనేజరుగారు వెళ్తూ వెళ్తూ టేబుల్ మీది గ్లాసు నాలుగోదాంట్లో ఒంపి, "పాపం, ఎండిపోతోంది" అన్నారు. ఇందులో ఎవరి దుర్మార్గమూ లేదు. కాలవల మధ్య పుట్టి పెరిగినవాళ్ళు. పొడిమట్టి కంటబడితే వాళ్ళ చెయ్యి ఊరుకోదు. గ్లాసులో మిగిలిన నీళ్ళు సింకులో పారబోస్తే పాపం, మొక్కలో పోస్తే పుణ్యం. పదకొండు మంది స్టాఫు, పదకొండు పుణ్యాలు, రోజూ.

"అయ్యగారండీ, దానికి పొయ్యకండి. కుళ్ళిపోద్దండి" అంది బేబి.

అచ్యుతరామయ్యగారు కళ్ళజోడు పైనుంచి చూశారు. "అదేవిఁటే బేబీ! కోనసీమలో నీళ్ళు పోస్తే చచ్చే మొక్క ఉంటుందా? మొక్కకి గుక్కెడు నీళ్ళు పోస్తే పోయిన పెద్దవాళ్ళు చల్లబడతారే."

"ఇది ఇక్కడి మొక్క కాదండి. దీనికి దాహం తక్కువండి."

"నీకెలా తెలుసే? అడిగావా?" అన్నారాయన. నలుగురూ నవ్వారు.

బేబి సుస్మితని బతిమాలి ఒక అట్టముక్క మీద "దయచేసి నీళ్ళు పోయకండి" అని రాయించి కుండీకి గుచ్చింది. మర్నాడు మేనేజరుగారు దాన్ని పీకి చెత్తబుట్టలో వేశారు. "పైవాళ్ళొస్తే ఏమనుకుంటారు? మన దగ్గర నీళ్ళకే కరువనుకోరూ?" ఆ బుట్టని సాయంత్రం ఖాళీ చేసింది కూడా బేబియే.

అప్పట్నించి రోజూ పొద్దున్నే పింగాణీ కుండీలోంచి లోపలి ప్లాస్టిక్ కుండీని పైకెత్తి, అడుగున నిలిచిన నీళ్ళు పారబోసేది. వాళ్ళు సాయంత్రం పోసేవారు, తను ఉదయం తీసేది. ఏ రోజు చూసినా మొక్కల్లోకి లీటర్ల కొద్దీ నీళ్ళు వెళ్తూనే ఉండేవి. వాటి మధ్య గుడ్డ పట్టుకుని తిరిగే మనిషి మాత్రం బుగ్గలోని ఉసిరిరసం మింగుతూ ఉండేది.

పుష్యమాసం చలిలో బేబికి జ్వరం తగిలింది. నడుం వెనక పోటు. ఇంట్లో బాత్రూముకి వెళ్తే మంట. ఇలాంటివి అంతకుముందూ వచ్చాయి, మందుల షాపులో బిళ్ళలు మింగితే తగ్గాయి. ఈసారి తగ్గలేదు. వీర్రాజు ప్రభుత్వాసుపత్రికి తీసుకెళ్ళాడు. డాక్టరు వేదవతిగారు రక్తం, మూత్రం పరీక్ష చేయించి, స్కానింగు కాగితం చాలాసేపు చూశారు.

"రోజుకి ఎన్ని నీళ్ళు తాగుతారమ్మా?"

"సాయంత్రం తాగుతానండి."

"పగలు?"

బేబి నేల చూసింది. వీర్రాజు పెళ్ళాం వంక చూశాడు. అప్పుడు, తొమ్మిదేళ్ళ తర్వాత, ఆ డాక్టరమ్మ గదిలో బేబి నోరు విప్పింది.

డాక్టరుగారు స్కానింగు కాగితం పక్కన పెట్టారు. "ఇదొక్కటే కారణమని నేను రాసివ్వలేనమ్మా. కానీ నీళ్ళు లేకుండా, ఉగ్గబట్టుకుని, మళ్ళీ మళ్ళీ ఇన్‌ఫెక్షన్లతో ఇన్నేళ్ళంటే... ఒక కిడ్నీ బాగా కుంచించుకుపోయింది. రెండోది ఇంకా పనిచేస్తోంది. దాన్ని కాపాడుకోవాలి. పగలు నీళ్ళు తాగాలి. వచ్చినప్పుడల్లా వెళ్ళాలి. అంతకు మించిన మందు నా దగ్గర లేదు."

బయటికొచ్చాక వీర్రాజు మెట్ల మీద కూలబడ్డాడు. "బిందె గురించి ఏళాకోలం ఆడేనే" అన్నాడు.

సోమవారం షేరాటోలో దారి పొడుగునా బేబి లోలోపల మాటలు కూర్చుకుంది. "సార్, డాక్టరుగారు చెప్పేరండి. ఆ తాళంచెవి నేను కూడా వాడుకుంటానండి. శుభ్రంగా ఉంచుతానండి." ఎలాగూ శుభ్రం చేసేది తనే కదా అని కూడా అనుకుంది, కానీ ఆ మాట తీసేసింది. పొగరనుకుంటారు.

ఆఫీసులో అడుగుపెట్టేసరికి వాసన. మూడు కుండీల్లో ఆకులు పసుపు పచ్చగా వాలి, కాడలు మొదట్లో మెత్తబడి ఒరిగిపోయాయి. తను లేని నాలుగు రోజులూ అడుగునీళ్ళు తీసినవాళ్ళు లేరు. పోసేవాళ్ళు మాత్రం మానలేదు.

మేనేజరుగారు పిలిచారు. గదిలో రాజరాజేశ్వరిగారూ సుస్మితా ఉన్నారు.

"బేబీ, నెల్లాళ్ళు నీళ్ళు పొయ్యకపోయినా బతికే మొక్కని ఎలా చంపావమ్మా? శుక్రవారం పైవాళ్ళొస్తున్నారు."

"నీళ్ళు ఎక్కువయ్యేయండి."

"ఎవరు పోసేరు?"

బేబి తలెత్తింది. సుస్మిత చప్పున ఫోను చూసుకోవడం మొదలెట్టింది. రాజరాజేశ్వరిగారు చీర కుచ్చెళ్ళు సర్దుకున్నారు. తలుపు అవతల అచ్యుతరామయ్యగారు దగ్గారు. పేర్లు చెప్పవచ్చు, పదకొండూ తెలుసు. కానీ తాళంచెవి అడగాల్సింది ఈ మనుషుల్నే.

"నాకే తెలీలేదండి. నాదే పొరపాటండి" అంది.

"సరే, వెళ్ళు."

"సార్, ఒక్క మాటండి." ఆటోలో కూర్చుకున్న మాటలన్నీ వరసగా చెప్పేసింది.

మేనేజరుగారు చెడ్డగా ఏమీ అనలేదు. "అయ్యో, నాదేముంది బేబీ? అది లేడీస్ విషయం. మేడంగారిని అడుగు."

రాజరాజేశ్వరిగారూ చెడ్డగా అనలేదు. "నాకేం అభ్యంతరం లేదు బేబీ. నీ కష్టం నాకు తెలీదా? కానీ ఒకరికిస్తే రేపు టీ తెచ్చే అమ్మాయి అడుగుతుంది, ఎల్లుండి వాచ్‌మన్ పెళ్ళాం అడుగుతుంది. అందరికీ ఓ మాట చెప్పి చూద్దాం."

అందరికీ ఓ మాట ఎవరూ చెప్పలేదు. ఎవరూ కాదనలేదు, ఎవరూ సరే అనలేదు. కులం ఊసు ఎవరి నోటా రాలేదు, రానక్కర్లేదు కూడా. అలాంటి ఊసులు రాకుండానే పనులు జరిగిపోయే ఏర్పాటు మన ఆఫీసుల్లో బ్రహ్మాండంగా ఉంది.

మర్నాడు తొమ్మిదింపావుకి వెళ్ళి చూస్తే మేకు ఖాళీగా ఉంది. తాళంచెవి రాజరాజేశ్వరిగారి సొరుగులోకి చేరింది. ఇప్పుడు ఆవిడే వచ్చి తలుపు తీస్తున్నారు. బేబి తోముతున్నంతసేపూ గుమ్మంలో నిలబడి ఫోను చూసుకుని, తనే తాళం వేసుకుని వెళ్తున్నారు.

ఆ మధ్యాహ్నం బేబి కుండీలు మెట్ల మీదికి మోసుకెళ్ళి బోర్లించింది. మూడింట్లో దుంపలు చేత్తో నొక్కితే చిట్లిపోయాయి. నాలుగోదాంట్లో రెండు దుంపలు గట్టిగా ఉన్నాయి. కుళ్ళింది కోసేసి, వాటిని కాగితం మీద ఆరబెట్టి, ఇసకా వీర్రాజు తెచ్చిన పీచుముక్కలూ కలిపి మళ్ళీ నాటింది. రసం తగిలి మణికట్ల దాకా దురద, ఎర్రని దద్దుర్లు. కింద రాలినవాటిలో పచ్చగా ఉన్న ఆకొకటి పమిట కొంగున కట్టుకుంది.

శుక్రవారం పైవాళ్ళు వచ్చారు. వాళ్ళ కోసం ప్లాస్టిక్ మొక్కలు నాలుగు తెచ్చి పెట్టారు. అచ్యుతరామయ్యగారు అలవాటు తప్పక వాటిలోనూ గ్లాసు ఒంపారని తర్వాత అందరూ చెప్పుకుని నవ్వుకున్నారు. బతికిన కుండీ మెట్ల కింద ఉండిపోయింది.

తర్వాత కథ పొడుగేమీ లేదు. బేబి డాక్టరమ్మ మాట విని పగలు రెండు గ్లాసులు తాగి చూసింది. మూడో రోజున షేరాటోలో, అందరి మధ్యా, చీర తడిసిపోయింది. దిగేదాకా తల ఎత్తలేదు. ఆ రోజుతో మళ్ళీ మానేసింది. ఎండాకాలం రానే వచ్చింది. కాలవలకి నీళ్ళు కట్టేసిన నెలలో మళ్ళీ జ్వరం, మళ్ళీ ఆసుపత్రి. ఇరవై రోజులు పడకేసేసరికి కాంట్రాక్టరు ఇంకొకరిని పెట్టాడు. ఆషాఢానికి రెండో కిడ్నీ కూడా చేతులెత్తేసింది.

ఇప్పుడు వారానికి రెండుసార్లు డయాలసిస్. ఇప్పుడు డాక్టర్లు నీళ్ళు తాగొద్దంటున్నారు. ఒంట్లో చేరిన నీరు బయటికి పోదు కనక, కొలిచి ఇవ్వాలి. వీర్రాజు స్టీలు గ్లాసు మీద మేకుతో గీత గీశాడు. ఉదయం ఆ గీత దాకా, మధ్యాహ్నం ఆ గీత దాకా. బిందె ఇంట్లోనే ఉంది, నిండుగా ఉంది. దాని మీద మూత పెట్టి, మూత మీద ఇటుక పెట్టాడు.

"దొంగతనం చేస్తాననా?" అంది బేబి.

"నాకోసమేలే" అన్నాడు వీర్రాజు మొహం తిప్పుకుని. "నువ్వడిగితే నేను కాదనలేను."

తను కొంగున కట్టి తెచ్చిన ఆకు కిటికీలో ఐస్‌క్రీం డబ్బాలో ఉంది. ఎనిమిది నెలలైంది. ఆకు మొదలు దగ్గర చింతగింజంత దుంప కట్టింది. చిగురు రాలేదు. ఇది అంతే, ఏడాది పట్టినా పడుతుందని బేబి అంటుంది. ఆ ఏడాది తనకుందో లేదో డాక్టర్లు చెప్పలేదు, తను అడగలేదు. రోజూ ఈనె గుచ్చి తీసి చూస్తుంది. చాలాసార్లు పొడిగానే వస్తుంది. అప్పుడు తన గ్లాసులోంచే రెండు చెంచాలు పోస్తుంది.

మొన్న సుస్మిత వచ్చింది, పళ్ళు పట్టుకుని. కూర్చున్న దగ్గర్నించీ కళ్ళు తుడుచుకుంటోంది.

"ఆ రోజు నేను చెప్పాల్సిందండీ, నీళ్ళు మేమే పోశామని. తాళంచెవి గురించి కూడా నేను గట్టిగా..."

"ఊరుకోండమ్మా. అయిపోయిందిగదా" అంది బేబి. పళ్ళు పక్కన పెట్టి అడిగింది. "నా చోట్లో ఎవరొచ్చేరండి?"

"చిన్నమ్మలు అని, ముప్పై ఏళ్ళావిడ. బాగానే చేస్తుంది."

"పగలు నీళ్ళు తాగుతుందాండి?"

సుస్మితకి తెలీదు. నాలుగు నెలలుగా పక్కనే తిరుగుతున్న మనిషి నీళ్ళు తాగుతోందో లేదో తను చూడలేదు.

మీరు చూశారా?

ఇది చదువుతున్నవాళ్ళలో సగం మంది ఏదో ఒక ఆఫీసులో, బ్యాంకులో, బడిలో, షాపులో, ఆసుపత్రిలో పనిచేసేవాళ్ళే. అక్కడ తుడిచే మనిషి ఒకరుంటారు. రేపు వెళ్ళగానే ఒక్క పని చెయ్యండి. మీ బాత్రూము తాళంచెవి ఎక్కడుందో చూడండి. మేకుకుందా, సొరుగులో ఉందా, ఎవరి దగ్గరుంది? బస్టాండు దగ్గర తాళాలు బాగుచేసేవాడి దగ్గరికి తీసుకెళ్ళి ఇంకొకటి చేయించండి, పావుగంట పని. నలుగురూ చూస్తుండగా, ఇది మీది కూడా అని చెప్పి ఆమె చేతికివ్వండి. మేనేజరు లేడీస్ విషయమంటారు, లేడీస్ అందరికీ ఓ మాట చెప్పాలంటారు. ఆ మాట మీరే చెప్పండి, ఆ రోజే చెప్పండి. కాదన్నవాళ్ళు ఎవరో పేరుతో సహా బయటికి రానివ్వండి. ఆమె వచ్చి అడుగుతుందని మాత్రం చూడకండి. ఆమె అడగదు.